గుల్ల ఏమైంది? విశాఖ నుంచి రాజమహేంద్రవరం దాకా ఐదు రోజులు

మొదటి రోజు: విశాఖపట్నం, మాఘ పౌర్ణమి

మాఘ పౌర్ణమికి సముద్ర స్నానం చేయాలని తెల్లవారకముందే తీరానికి చేరిన జనం ఎండ ముదిరేసరికి ఇళ్ళకు వెళ్ళిపోయారు. నేను వెళ్ళింది స్నానానికి కాదు, స్నానాలన్నీ అయిన తరవాత వచ్చే ఆటు కోసం. పౌర్ణమికీ అమావాస్యకూ సముద్రం ఎంత పైకి వస్తుందో అంత కిందికీ దిగుతుంది. దానికి తోడు బంగాళాఖాతపు ఈ తీరంలో ఏడాది మొత్తం మీద నీటిమట్టం బాగా తగ్గి ఉండేది కూడా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే కాబట్టి, రాళ్ళ సందుల్లో బతికే ప్రాణులను చూడదలచినవాళ్ళకు ఇంతకన్నా మంచి ముహూర్తం లేదు. పొద్దున పోటు మీద ఉన్న నీరు మధ్యాహ్నం రెండు దాటేసరికి వెనక్కి తగ్గింది. తెన్నేటి పార్కు దిగువన ఉన్న ఖోండలైటు రాళ్ళు నాచుతో, పీతలతో, గుల్లలతో బయటపడ్డాయి.

నాతో వచ్చింది మా తమ్ముడి కూతురు. డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతోంది. నేను జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్ళు అదే శాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి. మెత్తని దేహమున్న ప్రాణుల మొలస్కా వర్గం రాగానే బోర్డు మీద ఒక మంచినీటి నత్త బొమ్మ వేసి, పక్కన ఆల్చిప్ప, ఆక్టోపస్ అని రెండు పేర్లు రాసి, పరీక్షకు అంతే చాలని ముగించిన పాపం నాది. ఇంతవరకు పేరు పెట్టిన జాతులే సుమారు 85 వేలు ఉన్న వర్గం అది. కీటకాలూ పీతలూ చేరిన ఆర్థ్రోపొడా తరవాత జంతులోకంలో దానిదే రెండో స్థానం. మన దేశపు సముద్రాల్లోనే మూడు వేలకు పైగా జాతులు నమోదయ్యాయి. వాటిలో నేను కళ్ళారా చూసినవి ఎన్ని అని మా అమ్మాయి ఒకసారి అడిగితే వేళ్ళ మీద లెక్కపెట్టి ఆగిపోవలసి వచ్చింది. ఈ ప్రయాణానికి కారణం ఆ ప్రశ్నే.

మొదట కంటబడినవి అలల తుంపర మాత్రమే తగిలే పైరాళ్ళ పగుళ్ళలో మినపగింజల్లా కిక్కిరిసి ఉన్న పెరివింకిల్ నత్తలు. వాటి దిగువన తెల్లగా పొక్కుల్లా అంటుకుని ఉన్నవాటిని చాలామంది గుల్లల్లో చేరుస్తారు గానీ, అవి బార్నకిల్స్, రొయ్యలకు చుట్టాలు. ఈ కథతో వాటికి సంబంధం లేదు. ఇంకా దిగువకు వస్తే బోర్లించిన మూకుళ్ళలా రాతికి కరుచుకున్న లింపెట్లు అనే నత్తలు కనిపించాయి. వేలితో తాకకముందు దొరికినా దొరకవచ్చు గానీ, ఒకసారి తాకామంటే అది రాయిని పట్టుకునే పట్టు చాకుమొనకు కూడా లొంగదు. విశాఖ రాళ్ళ మీది సెల్లానా రేడియేటా అనే ఈ లింపెట్ జీవనం గురించి ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర శాఖలో పి.ఎన్. గణపతి, బాలపరమేశ్వరరావు గార్లు చేసిన అధ్యయనాలు 1971లో అంతర్జాతీయ పత్రికలో వెలువడ్డాయి. ఊళ్ళో ఉన్న రాయి మీద, ఊళ్ళో ఉన్న నత్త మీద జరిగిన ఆ పని గురించి నా తరగతిలో ఒక్కసారీ చెప్పలేదని ఆ రాయి ముందు కూర్చున్నప్పుడు గుర్తుకు వచ్చి సిగ్గేసింది.

"పెదనాన్నా, ఇది గుల్లా, పురుగా?" అని మా అమ్మాయి ఒక రాతి అడుగు చూపించింది. అండాకారంలో, బొటనవేలంత పొడవుతో, వీపు మీద అడ్డంగా పేర్చిన ఎనిమిది పలకలతో, చుట్టూ గరుకైన తోలు అంచుతో ఉన్న ఆ ప్రాణి కైటన్. మొలస్కా వర్గంలో ఎనిమిది తరగతులుంటే, అందులో ఒకటి మొత్తం వీటిదే. గుల్ల ఒకటిగా కాక ఎనిమిది ముక్కలుగా ఉండడం వల్ల గుంటలూ గతుకులూ ఉన్న రాతి మీద అది చాపలా ఒదిగిపోతుంది. అల ఊడబెరికితే బంతిలా ముడుచుకుంటుంది. దాని నోట్లో ఉన్న సాధనం ఇంకా విచిత్రమైనది. మొలస్కా జీవుల్లో చాలావాటికి రాడ్యులా అనే నాలుక ఉంటుంది. ఆకురాయి మీద గాట్లలా దాని మీద వరసలు వరసలుగా పళ్ళు ఉంటాయి, ముందువి అరిగిపోతే వెనకనుంచి కొత్తవి జరిగి వస్తాయి. కైటన్ పళ్ళకు మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు పూత ఉంటుందని 1962లో హైంజ్ లోవెన్‌స్టామ్ కనిపెట్టాడు. ఆ పళ్ళు అయస్కాంతానికి అంటుకుంటాయి. రాతిని గీకి నాచు తినే లింపెట్ పళ్ళలో గోథైట్ అనే మరో ఇనుప ఖనిజం ఉంటుంది. సాలెపట్టును మించిన బలం వాటిదని 2015లో బ్రిటన్‌లో కొలిచి చెప్పారు. ఇనుప ఖనిజం రేవు దాటించే ఊళ్ళో, రేవుకు పక్కనే, ఇనుమును పంటికి ఎక్కించుకున్న ప్రాణులు కోట్ల ఏళ్ళుగా మేస్తున్నాయన్నమాట.

నీళ్ళు నిలిచిన ఒక గుంటలో నత్త ఒకటి మెల్లగా పాకుతుంటే, దాని దేహనిర్మాణం గురించి మాట్లాడుకున్నాం. నత్త పిల్లదశలో ఉన్నప్పుడు దాని లోపలి అవయవాల మూట మొత్తం తల మీద 180 డిగ్రీలు మెలి తిరుగుతుంది. దాంతో వెనక ఉండవలసిన మొప్పలూ, మలద్వారమూ తల పైకి వచ్చి చేరతాయి. తన మలం తన నెత్తిన పడే ఈ అమరికతో ఏ ప్రాణి అయినా బాగుపడుతుందా అని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే మొలస్కా జాతుల్లో ఐదింట నాలుగు వంతులు ఈ మెలి తిరిగిన నత్తల తరగతికి చెందినవే. ఆపద వస్తే తలను ముందుగా గుల్లలోకి లాక్కునే వీలు ఈ మెలి వల్లే కలిగిందని ఒక వాదం, తాజా నీరు ముందునుంచి మొప్పలకు అందుతుందని మరొక వాదం ఉన్నాయి. ఇబ్బందిని తప్పించుకోవడానికి కొన్ని నత్తలు గుల్లకు చిల్లు పెట్టుకున్నాయి, కొన్ని నీటిని ఒక పక్కనుంచి పీల్చి రెండో పక్కనుంచి వదిలే ఏర్పాటు చేసుకున్నాయి, మరికొన్ని ఆ మెలినే తిరిగి విప్పుకున్నాయి. 

ఆ చివరి రకానికి చెందినదే సాయంత్రం చీకటి పడబోతుండగా నాచు మధ్య దొరికిన సముద్రపు కుందేలు. చెవుల్లాంటి రెండు కొమ్ములతో, గోధుమరంగు మెత్తని ముద్దలా ఉన్న ఈ నత్తకు పైకి గుల్లే లేదు. వీపు కండ కింద గోరంత పలుచని పొర మాత్రం మిగిలి ఉంటుంది. పెద్ద పెద్ద నాడీకణాలున్న ఇలాంటి నత్త మీద పరిశోధించే జ్ఞాపకం ఎలా ఏర్పడుతుందో ఎరిక్ కాండెల్ తెలుసుకున్నాడు. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. "మరి దీని గుల్ల ఏమైంది?" అని మా అమ్మాయి అడిగింది. ఆ ఐదు రోజులూ ఎక్కడికి వెళ్ళినా మేము వేసుకున్నది ఆ ప్రశ్నే.

రెండో రోజు: విశాఖపట్నం

తెల్లవారుజామున ఐదింటికి ఫిషింగ్ హార్బర్‌కు చేరుకున్నాం. వేలం పాటల గోల మధ్య ఒక మూల ప్లాస్టిక్ ట్రేలలో మంచుగడ్డల మీద స్క్విడ్‌లు, కటిల్‌ఫిష్‌లు, ఆక్టోపస్‌లు గుట్టలుగా ఉన్నాయి. "మనోళ్ళు పెద్దగా తినరు బాబూ, ఎక్స్‌పోర్టుకి ఎల్లిపోతాది" అంది అక్కడ కూర్చున్న ఆమె, మేము కొనేవాళ్ళం కాదని చూడగానే తెలుసుకుని. చచ్చిపోయి రెండు మూడు గంటలైన స్క్విడ్ చర్మం మీద వేలు పెడితే, ఎర్రని చుక్కలు ఇంకా విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉన్నాయి. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క రంగు సంచి. చుట్టూ ఉన్న కండరాలు లాగితే విప్పారుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. ఇంతగా రంగులు మార్చే ఈ ప్రాణుల్లో చాలావాటి కంట్లో రంగును గుర్తుపట్టే కణాలు ఒకే రకానివి. అంటే మనం అర్థం చేసుకునే పద్ధతిలో అవి వర్ణాంధులు. 

ఈ ట్రేలో ఉన్నదీ నిన్న రాయికి అంటుకున్నదీ ఒకే కుదురుకు చెందినవని నమ్మడం కష్టం. అయితే నత్త పాదమే ఇక్కడ తల చుట్టూ చేతులుగా, నీటిని చిమ్మే గొట్టంగా మారిందని పిండదశల పరిశీలన చెబుతుంది. అందుకే వీటికి తలపాదులు అనే అర్థంలో సెఫలోపొడా అని పేరు పెట్టారు. మూడు గుండెలు, రాగి ఉన్న హిమోసయనిన్ వల్ల నీలంగా ఉండే రక్తం, చిలక ముక్కు లాంటి దవడలు, ఆ దవడల మధ్య మళ్ళీ అదే రాడ్యులా. వీటి కన్ను మన కన్నులాగే కటకంతో, తెరతో ఉంటుంది గానీ, వేరే దారిలో విడిగా ఏర్పడింది. మన కంట్లో నాడులు తెర ముందునుంచి వెళ్ళి ఒకచోట తెరను చీల్చుకుని వెనక్కి పోతాయి కనుక అక్కడ గుడ్డిమచ్చ ఉంటుంది. ఆక్టోపస్ కంట్లో నాడులు మొదటినుంచే వెనక ఉన్నాయి, గుడ్డిమచ్చ లేదు. కన్ను పరిపూర్ణమైన సృష్టి అని వాదించేవాళ్ళు ఏ కన్ను సంగతి మాట్లాడుతున్నారో ముందు చెప్పాలని నేను క్లాసులో అనేవాణ్ణి. ఆ ఒక్క మాట మాత్రం బాగానే చెప్పాననుకుంటాను.

ఆ అమ్మ దగ్గర ఒక కటిల్‌ఫిష్ కొని అక్కడే కోయించాం. వీపు చర్మం చీల్చగానే అరచేయంత తెల్లని బద్ద జారి బయటికి వచ్చింది. పంజరంలో చిలకలకు కట్టేది, ఆయుర్వేద దుకాణాల్లో సముద్రపు నురుగు పేరుతో అమ్మేది ఇదే. పేరు నురుగైనా ఇది గుల్లే, లోపలికి వెళ్ళిపోయిన గుల్ల. విరిచి ఎండకు పట్టి చూస్తే పలుచని గోడలతో అంతస్తులు అంతస్తులుగా గదులు కనిపిస్తాయి. ఆ గదుల్లో నీటినీ గాలినీ హెచ్చుతగ్గులు చేసుకుంటూ ఆ ప్రాణి నీటిలో తేలడం, మునగడం చేస్తుంది. స్క్విడ్‌ను చీలిస్తే అది కూడా లేదు. పారదర్శకమైన ఈక లాంటి పలుచని బద్ద ఒక్కటే వచ్చింది. ఆక్టోపస్‌లో ఆ మాత్రం కూడా మిగలలేదు. బయట ఉన్న గుల్ల లోపలికి, లోపల ఉన్నది పలుచనికి, చివరికి ఏమీ లేకపోవడానికి వచ్చిన కోట్ల ఏళ్ళ దారి మొత్తం ఆ మూడు ట్రేలలో వరసగా ఉంది. గుల్ల మోయని దేహం వేగంగా ఈదగలదు, సందుల్లో దూరగలదు. రక్షణ కరువైన లోటును తెలివి, రంగు, సిరా తీర్చాయి. ఇదే కుదురులో ఆర్గొనాట్ అనే ఆక్టోపస్ ఒకటి ఉంది. దాని ఆడది గుడ్ల కోసం రెండు చేతులతో కాగితమంత పలుచని గుల్ల తయారుచేసుకుంటుంది. 2022లో దాని జన్యువులను పూర్తిగా చదివి చూస్తే, ఆ గుల్లలోని ప్రోటీన్లు పూర్వీకుల గుల్లను కట్టినవి కావని తేలింది. పూర్వీకులు అమ్ముకున్న ఇంటిని తిరిగి కొనుక్కోకుండా వేరే చోట కొత్తగా కట్టుకున్నట్టుంది దాని వ్యవహారం.

మధ్యాహ్నం రుషికొండ దగ్గర ఇసుకలో ఏరిన చిప్పలను తువ్వాలు మీద పరిచాం. వాటిలో ఆరో ఏడో చిప్పలకు, ఎవరో బరమాతో తొలిచినట్టు, ఒక్కొక్కటి గుండ్రని చిల్లు ఉంది. పిల్లలు దారం గుచ్చుకోవడానికి దేవుడు పెట్టాడని మా అమ్మమ్మ చెప్పేది. అవి చంద్రనత్తల పని. ఇసుక కింద పాకుతూ ఆల్చిప్పను దొరకబుచ్చుకుని, పాదంతో కప్పి, ఆమ్లంతో మెత్తబరుస్తూ రాడ్యులాతో తొలుస్తూ గంటల తరబడి శ్రమించి చిల్లు పెట్టి, లోపలి మాంసం తినేస్తుంది. చిల్లు అంచు పైన వెడల్పుగా, లోపలికి సన్నగా వాలుగా ఉంటే చంద్రనత్తది. నిట్టనిలువుగా ఉంటే మ్యూరెక్స్ కుటుంబపు నత్తది అని సాధారణంగా గుర్తుపట్టవచ్చు.

ఈ చిల్లులను చూసినప్పుడు గేరట్ వెర్మెయ్ పేరు తలచుకోకుండా ఉండలేను. నెదర్లాండ్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ శాస్త్రజ్ఞుడికి పసితనంలోనే చూపు పోయింది. గుల్లలను వేళ్ళతో తడిమి, వాటి గాట్లు, అతుకులు, మందం తెలుసుకుంటూ ఆయన 1977లో ఒక వాదన ప్రచురించాడు. డైనోసార్లు నేల మీద తిరిగిన మధ్యజీవ మహాయుగంలో సముద్రంలో గుల్లను పగలగొట్టే పీతలు, చేపలు, తొలిచే నత్తలు పెరిగాయనీ, ఆ ఒత్తిడికి నత్తల గుల్లలు మందమై, ముళ్ళు తేలి, నోరు ఇరుకై, వదులు చుట్లవి వెనకబడ్డాయనీ, ఆల్చిప్పల్లో ఎన్నో ఇసుకలోకి లోతుగా దిగిపోయాయనీ ఆయన చెప్పాడు. కళ్ళున్న మేము తువ్వాలు మీద పరిచి చూసినా పట్టుకోలేని ఒక అతుకును, కళ్ళు మూసుకుని తడిమితే మా అమ్మాయి వేలు పట్టుకుంది. పీత కొరికిన అంచును నత్త తిరిగి పోసుకున్న గుర్తు అది.

తువ్వాలు మీద ఖాళీ కోన్ గుల్ల కూడా ఒకటి ఉంది. బతికి ఉన్నదైతే ముట్టుకునేవాళ్ళం కాదు. కోన్ నత్తల్లో రాడ్యులా పన్ను ఒక్కొక్కటీ విషం నింపిన బోలు బాణంగా మారింది. కొన్ని జాతుల కాటుకు మనుషులు చనిపోయారు. కోన్ నత్తల్లోనే ఒక జాతి విషంలోని పదార్థం ఆధారంగా తయారైన జికోనోటైడ్ అనే మందును తీవ్రమైన నొప్పికి వాడడానికి 2004లో అమెరికాలో అనుమతించారు. రాతిని గీకడానికి పుట్టిన నాలుక రంధ్రం తొలిచే బరమా అయింది, ఆపైన విషబాణమూ అయింది.

మూడో రోజు: కాకినాడ దారిలో

రైలు, ఎండ, సామర్లకోటలో బండి మారడం. చెప్పుకోవలసింది ఏమీ లేదు. దారిలో తినడానికి మా మరదలు డబ్బాలో బెల్లం గవ్వలు పెట్టి ఇచ్చింది. గవ్వపీటకు అద్ది చుట్టిన ఆ పిండివంటను చూస్తూ, తెలుగువాళ్ళ నాలుక మీద ఉన్న గవ్వలన్నీ చచ్చినవే అనుకున్నాను: చేతిలో లేని చిల్లిగవ్వ, అష్టాచెమ్మా ఆటలో వేసే నాలుగు గవ్వలు. బతికిన గవ్వను చూస్తే దాని మెరుపు కనబడనే కనబడదు. ప్రావారం అనే పలుచని కండ రెండు పక్కలనుంచి గుల్ల పైకెక్కి దాన్ని కప్పేస్తుంది. మెరుపు పోకుండా, గీత పడకుండా లోపల ఉంచి పాలిష్ పట్టేది అదే. గుల్లను వదలకుండానే దాన్ని లోపలికి తీసుకున్న పద్ధతి ఇది.

నాలుగో రోజు: కోరంగి, కాకినాడ అఖాతం

కోరంగి అభయారణ్యంలో మడచెట్ల మధ్య కట్టిన చెక్కబాట మీద నడుస్తూ, చెట్లను కాక చెట్ల మొదళ్ళను చూసేవాళ్ళు మేమిద్దరమే కనిపించాం. బురద మీద వేలెడు పొడవున నల్లగా, శంకువు ఆకారంలో టెలిస్కోపియం నత్తలు పడి ఉన్నాయి. అదే బురదలో పెరిగే టెరిబ్రాలియా నత్త పిల్లగా ఉన్నంతకాలం బురదలోని సన్నని తిండి తిని, పెద్దదయ్యాక రాలిన మడ ఆకులు నములుతుంది. వయసుతోపాటు దాని రాడ్యులా పళ్ళ తీరు కూడా మారుతుంది. ఆకుల మీద, కాండాల మీద లిట్టొరేరియా నత్తలు పోటు వస్తే పైకీ, తగ్గితే కిందికీ ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. వీటికి ఇంకా మొప్పలున్నాయి. వేళ్ళ దగ్గర తడిలో కనిపించిన మరికొన్ని చిన్న నత్తలు మాత్రం మొప్పలను వదిలి, ప్రావారం లోపలి గదినే ఊపిరితిత్తిగా మార్చుకున్న శాఖకు చెందినవి. వానాకాలంలో మన పెరటి గోడ మీద పాకే నత్తలు చాలావరకు ఆ శాఖవే. సముద్రంనుంచి నేల మీదికి నత్తలు వచ్చింది ఒక్కసారి కాదు, వేర్వేరు శాఖల్లో పలుమార్లు. ఆ రాకపోకలకు మడ అడవుల వంటి చోట్లు గడపలయ్యాయి.

ఒక ఎండిన కొమ్మ విరిచి చూస్తే లోపల వేలు దూరేంత గుండ్రని సొరంగాలు, వాటికి లోపల తెల్లని సున్నపు పూత. ఇది ఓడపురుగు చేసిన పని. పేరుకు పురుగే గానీ ఇది ఆల్చిప్పల తరగతికి చెందినది. దేహం వానపాములా సాగిపోయింది, రెండు చిప్పలు ముందు కొసన రెండు చిన్న పలుకులుగా మిగిలి, కర్రను తొలిచే పళ్ళయ్యాయి. తొలిచిన పొట్టును జీర్ణం చేసుకోవడానికి మొప్పల్లో ఉండే సూక్ష్మజీవుల సాయం తీసుకుంటుంది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు కోరంగి. 1789లోనూ, మళ్ళీ 1839లోనూ వచ్చిన తుపాను ఉప్పెనలు ఆ ఊరిని ముంచేశాయి. కర్ర ఓడలున్న ప్రతి రేవులోనూ ఉప్పెన రాకపోయినా ఈ మెత్తని శత్రువు మాత్రం ఎప్పుడూ ఉంటుంది. లండన్‌లో థేమ్స్ నది కింద సొరంగం తవ్విన మార్క్ బ్రునెల్ తన తవ్వకపు యంత్రానికి, తొలుచుకుంటూ వెనక గోడకు పూత పూసుకుంటూ పోయే ఈ జీవినే నమూనాగా తీసుకున్నాడని చెబుతారు. దానికి 1818లో ఆయన పేటెంటు పొందాడు.

మధ్యాహ్నం అఖాతంలోకి పడవలో వెళ్ళాం. హోప్ ఐలండ్ అనే పొడవైన ఇసుకదిబ్బ అడ్డుగా ఉండడంతో కాకినాడ అఖాతంలో నీరు చెరువులా నిమ్మళంగా ఉంటుంది. గోదావరి తెచ్చిన మెత్తని బురద అడుగున పేరుకుంటుంది. ఆ బురదే ఆల్చిప్పలకు పొలం. నడుములోతు నీళ్ళలో నిలబడి చేతులతో బురద తడుముతూ గుల్లలు ఏరుతున్నవాళ్ళలో ఒక ముసలాయన మాకు ఒక చిప్పను చాకుతో విప్పి చూపించాడు. లోపల రక్తం ఎర్రగా ఉంది. "నెత్తురు గుల్ల కదండీ ఇది, చూసి బయపడకండి" అన్నాడు. గట్లు గట్లుగా గీతలున్న అనడారా గ్రానోసా చిప్ప అది. మొలస్కా జీవుల్లో చాలావాటిది రాగి రక్తమైతే, దీనిలో మనలోలాగే హిమోగ్లోబిన్ ఉంది. ఆక్సిజన్ తక్కువగా ఉండే బురదలో ఇది మేలు చేస్తుంది.

ఆల్చిప్పల కథ మొత్తంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది వాటికి తల లేకపోవడం. వాటి పూర్వీకులకు తలా, రాడ్యులా ఉండి ఉండాలి. గుల్ల రెండుగా చీలి దేహం మొత్తాన్ని మూసేశాక, మొప్పలతో నీటిని వడకట్టి తిండి సంపాదించడం అలవడ్డాక, వెతుక్కునే తలా, గీకే నాలుకా అక్కరలేకపోయాయి. మిగతా తరగతులన్నిటిలో అంత వైవిధ్యం చూపిన రాడ్యులాను ఈ తరగతి మాత్రం పూర్తిగా విడిచిపెట్టింది. నత్త గుల్ల విడిచింది, ఆల్చిప్ప తల విడిచింది అని మా అమ్మాయి నోటు పుస్తకంలో రాసుకుంది.

ఆ ముసలాయనే పడవ అడుగున ఉన్న పలుచని, గుండ్రని, తెల్లని చిప్ప ఒకటి ఇచ్చాడు. ప్లాకునా ప్లాసెంటా. అరచేయంత వెడల్పున్నా కాగితంలా పలుచగా ఉంటుంది. దాని వెనక వేలు పెడితే వేలి నీడ కనిపిస్తుంది. గోవాలో పాత ఇళ్ళ కిటికీలకు గాజుకు బదులు బిగించింది ఈ చిప్పనే. బరువులో 99 శాతం కాల్సైట్ అయిన ఈ గుల్ల కంటికి కనిపించే కాంతిలో 80 శాతం దాకా లోపలికి పంపగలదనీ, పగులు పాకకుండా దెబ్బ తగిలినచోటనే ఆపుకుంటుందనీ 2014లో అమెరికాలో ఎమ్‌ఐటీ పరిశోధకులు చూపించారు. ఇంత పనితనమున్న చిప్పలను ఈ అఖాతపు ఒడ్డున తరతరాలుగా బట్టీలో కాల్చి సున్నం చేశారు. గుల్ల సున్నంతో పూసిన గోడ చల్లగా ఉంటుందని, తమలపాకుకు గుల్ల సున్నమే రుచి అని పెద్దవాళ్ళ మాట. ముప్ఫై ఏళ్ళ కిందట నేనూ ఆ సున్నంతో తాంబూలం వేసుకున్నవాణ్ణే కాబట్టి ఆ బట్టీల మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు.

ఐదో రోజు: రాజమహేంద్రవరం

పొద్దున్నే గోదావరి దాటి అవతలి ఒడ్డున దుద్దుకూరు వైపు వెళ్ళాం. దేవరపల్లి, పంగిడి చుట్టుపక్కల నల్లరాతి క్వారీలు చాలా ఉన్నాయి. కంకర కోసం పగలగొట్టే ఆ నల్లరాయి దక్కన్ లావా. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పశ్చిమాన వెలువడి, సుమారు వెయ్యి కిలోమీటర్లు పల్లపు దారుల వెంట ప్రవహించి ఇక్కడ సముద్రం అంచుకు చేరిందని భూగర్భ శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఒక క్వారీలో గుమాస్తా దగ్గర అనుమతి తీసుకుని, అంచున నిలబడి గోడను చూశాం. లావా పొరల కింద ఒకటి, వాటి మధ్య ఇంకొకటి పాలిపోయిన సున్నపురాతి పట్టీలు. ఆ పట్టీల్లో ఉన్నవి గుల్లలు. ఈ ప్రాంతపు శిలాజ నత్తలను, ఆల్చిప్పలను స్కాట్లండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే వర్ణించి పేర్లు పెట్టాడు. 2008లో గెర్టా కెల్లర్ బృందం ఇక్కడి పొరల్లోని సూక్ష్మజీవుల అవశేషాలను పరిశీలించి, లావా ప్రధాన ప్రవాహం డైనోసార్లు అంతరించిన కాలపు సరిహద్దు దగ్గర ముగిసిందనీ, దాని పైని సున్నపురాయి ఆ ప్రళయం తరవాతి తొలి కాలానిదనీ చెప్పింది.

రాలిపడిన ఒక పెళ్ళలో స్క్రూలా పొడవుగా చుట్టుకున్న టరిటెల్లా గుల్ల అచ్చు స్పష్టంగా కనిపించింది. ఆ పేరున్న నత్తలు ఈ రోజుకీ బంగాళాఖాతంలో బతుకుతున్నాయి. రుషికొండ తువ్వాలు మీద అలాంటిది ఒకటి మాకు దొరికింది కూడా. 6.6 కోట్ల ఏళ్ళ ఎడంలో రెండు గుల్లలకు ఉన్న తేడాను నేను గట్టిగా చెప్పలేను. అదే సమయంలో ప్రపంచమంతటా సముద్రాల్లో అమ్మోనైట్లు పూర్తిగా అంతరించాయి. అమ్మోనైట్ అంటే బయట చుట్టల గుల్ల, లోపల గదులు ఉన్న సెఫలోపొడా జీవి. అలాంటి గుల్లే ఉన్న నాటిలస్ మాత్రం బతికి బయటపడింది. అమ్మోనైట్ పిల్లలు సన్నగా సముద్రం పైపొరలో తేలుతూ అక్కడి తిండి మీదే ఆధారపడితే, నాటిలస్ లోతు నీళ్ళలో పెద్ద సొనతో కొద్ది గుడ్లు పెట్టడం దానికి కారణమై ఉండవచ్చని ఒక వివరణ. ఒడ్డు బురదలో చిన్నచిన్న తిండి ఏరుకున్న నత్త నిలిచింది, నడిసముద్రంలో వేటాడిన దొర పోయాడు. లారీ ఒకటి పక్కనుంచి వెళ్ళి ఆ పెళ్ళ మీద దుమ్ము పోసింది. మేము దాన్ని అక్కడే ఉంచి వచ్చాం.

సాయంత్రం ఇన్నీసుపేటలో మా మేనత్త ఇంటికి వెళ్ళాం. ఎనభై దాటిన మనిషి. దీపం పెట్టే వేళ. దేవుడి గూట్లో ఇత్తడి పళ్ళెంలో మా తాతగారి కాలంనుంచి ఉన్న సాలగ్రామం. నల్లగా, నునుపుగా, ఒక పక్క పగిలి లోపల చక్రం కనిపిస్తూ ఉంటుంది. మా అమ్మాయి ముందుకు వంగితే, "మడి లేకుండా ముట్టుకోకూడదే అమ్మడూ, దూరంనుంచే చూడు" అంది అత్తయ్య. చూస్తే, చక్రం గీతల మధ్య అడ్డగోడలు, వాటి అంచులు ఆకు ఈనెల్లా మడతలు పడి ఉన్నాయి. నేపాల్‌లో గండకీ నది ఒడ్డున దొరికే ఈ సాలగ్రామాలు హిమాలయం లేవకముందు అక్కడున్న సముద్రపు అడుగున పూడుకుపోయిన అమ్మోనైట్లు. దాదాపు 15 కోట్ల ఏళ్ళ నాటివి. లోపలి చక్రాన్ని వజ్రకీటం తొలిచిందని పురాణం చెబుతుంది. అవి కీటకం తొలిచిన గదులు కావు. విశాఖ హార్బర్‌లో విరిచి చూసిన కటిల్‌ఫిష్ బద్దలోని అంతస్తుల్లాంటివే, ఒక ప్రాణి పెరిగే కొద్దీ కట్టుకుని ఖాళీ చేసిన గదులు. గుల్ల పోలికను బట్టి నాటిలస్‌కు తోబుట్టువులా కనిపించినా, అమ్మోనైట్ స్క్విడ్‌కూ ఆక్టోపస్‌కే దగ్గరి చుట్టం. 

"అయితే అత్తమ్మమ్మా, నువ్వు రోజూ పూజ చేసేది ఆక్టోపస్ చుట్టానికన్నమాట" అంది మా అమ్మాయి. అత్తయ్య కోపగించుకుంటుందనుకున్నాను. ఆమె పక్కనున్న శంఖం చేతిలోకి తీసుకుంటూ, "చుట్టమో పక్కమో, నీళ్ళు పొయ్యకపోతే ఊరుకుంటాడా" అంది.

ఆ శంఖం కూడా నత్త గుల్లే. రామేశ్వరం, తూత్తుకుడి సముద్రాల్లో బురద ఇసుకలో పురుగులు తిని పెరిగే టర్బినెల్లా పైరమ్ అనే జాతిది. ఎడమకు చుట్టిన శంఖాలు బహు అరుదు. వాటినే మనవాళ్ళు దక్షిణావర్తమంటారు. గుల్లల శాస్త్రజ్ఞులు కొన పైకి పెట్టి నోరు ఎటుందో చూస్తారు, పూజారులు కొన కిందికి పెట్టి చూస్తారు కాబట్టి వాళ్ళ ఎడమ వీళ్ళకు కుడి అవుతుంది. అత్తయ్యది మామూలు శంఖమే. చెంబులోని నీళ్ళు దానిలోకి ఒంపి, "శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదు" అని నవ్వి, ఆ నత్త గుల్లలోంచి ఆ అమ్మోనైట్ మీద సన్నని ధారగా పోసింది. కొంత నీరు పగిలిన గదుల్లోకి వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, బయటికి పారింది.